కింది రెండు వందల మీటర్లు

నవంబరు 21

మళ్ళీ కాకి. లైడార్ అద్దం మీద సరిగ్గా నడిమధ్య రెట్ట వేసి పోయింది. ఊళ్ళో ఇన్ని కొబ్బరిచెట్లుండగా దానికి నా మిషనే దొరికింది. మెత్తటి గుడ్డ, డిస్టిల్డ్ వాటరు, తుడవడం... తెల్లారి ఆరింటికి నా ఉద్యోగం ఇదీ. "సైంటిస్టువని అందరికీ చెప్పుకుంటున్నామే" అంది అమ్మ ఫోనులో. చెప్పుకోనీ.

మిషను మాత్రం బాగానే నడుస్తోంది. పైకి లేజరు కొడుతుంది, గాల్లో దుమ్ముకీ పొగకీ తగిలి వెనక్కొచ్చిన వెలుతురుని లెక్కపెడుతుంది. నేలని అంటిపెట్టుకుని ఉండే గాలిపొర ఎంత ఎత్తుందో స్క్రీను మీద నల్ల గీత గీసి చూపిస్తుంది. రాత్రి కిందికి, ఎండెక్కితే పైకి. పొగైనా దుమ్మైనా ఆ గీత లోపలే తిరుగుతుంది. జంగారెడ్డిగూడెంలో ఏడాది చూసిన గీతే. అక్కడ జీడితోటలు, ఇక్కడ వరిచేలు, అంతే తేడా.

కింద నుంచి సత్యవతి గారి కేక — "అమ్మాయ్, ఇడ్లీ చల్లారిపోతంది." డాబా ఆవిడదే, పైన నా గదీ ఆవిడదే. మిషను పెట్టుకోవడానికి ఊళ్ళో ఒప్పుకున్నది ఆవిడొక్కరే. మిగతావాళ్ళు లేజరు తగిలితే కొబ్బరి పిందె రాలిపోద్దన్నారు.

నవంబరు 23

రాంబాబు గారు మెట్లెక్కి వచ్చారు. ఇంటి వెనక చేను ఆయన కౌలుకి చేస్తారు. సార్వా పంట కోత అయిపోయింది. కోత మిషనుతో కోయించారు కాబట్టి కొయ్యకాళ్ళూ గడ్డీ మోకాలెత్తు నిలబడి ఉన్నాయి. కాలవకి నీళ్ళొచ్చేలోగా అవి తగలెయ్యాలి, దమ్ము చెయ్యాలి, దాళ్వాకి, అదే రెండో పంటకి, నాట్లు ఊడవాలి.

"ఇది గాలి ఎత్తు చెప్తదంట కదండీ?"

"చెప్తుందండి."

"అయితే పొగ ఎప్పుడు పైకి పోద్దో కూడా చెప్తదాండి? మా సత్యవతమ్మ గారికి ఉబ్బసం కదండీ. సాయంత్రం అంటిస్తే తెల్లార్లూ దగ్గుతారు. ఏటేటా తిట్లు నాకేనండి."

చెప్తుంది అనేశాను. అసలు తగలెయ్యడమే తప్పని చెప్పాల్సినదాన్ని. అది చెప్పడానికి వ్యవసాయ శాఖ వాళ్ళున్నారు, వస్తారు, ఫొటో తీసుకుని పోతారు. పది రోజులుగా ఎవరూ నన్ను ఏదీ అడగని ఊళ్ళో ఒకాయన మెట్లెక్కి వచ్చి అడిగారు. పొంగిపోయాను, అదీ సంగతి.

నవంబరు 25

వాట్సాప్ గ్రూపు పెట్టేశారు రాంబాబు గారు. రోజూ ఏడింటికి నేను టైము పెట్టాలి. ఆ టైముకి ముందు ఎవరూ అగ్గిపుల్ల గియ్యకూడదు. పాలకేంద్రం దగ్గర అందరూ కూర్చుని మాట అనుకున్నారట. పెద్ద రైతులు కూడా సరే అన్నారట.

సాయంత్రానికి గ్రూపు పేరు ఎవరో మార్చారు. "పొగ ముహూర్తం." పాల దగ్గర ఒకాయన — "పంతులమ్మ గారూ, రేపు వర్జ్యం లేకుండా చూసి పెట్టండి." నవ్వాను. బాగానే ఉంది, నిజం చెప్పాలంటే.

నవంబరు 26

8.45 అని పెట్టా. రెండు చేలు అంటించారు. గాలుంది. పొగ పోయింది.

నవంబరు 28

8.30. మూడు చేలు. పోయింది. సత్యవతి గారు రాత్రి ఒక్కసారి కూడా దగ్గలేదు. రాంబాబు గారి భార్య అరటిపళ్ళు తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళారు, పిలిస్తే వినపడనట్టు. గ్రూపులో ఎవరో — "మిషను అబద్ధం చెప్పదండి." సార్‌కి స్క్రీన్‌షాట్ పంపా. మా ప్రాజెక్టు ఆయనదే. వైజాగ్ నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

డిసెంబరు 1

సత్యవతి గారు లేసు అల్లుతూ కళ్ళు నులుముకుంటున్నారు. పొగ భయానికి పది రోజులుగా తలుపులేసుకుని ట్యూబులైటు కింద కూర్చుంటున్నారు. "తెల్లదారం మీద తెల్లదారం, ఎండ పొడ లేకపోతే కన్ను కనపడదమ్మా. అరుగు మీద కూర్చుంటే గంటలో అయిపోయేది పూటంతా పడతంది."

"ఎనిమిదిన్నర దాటాక కూర్చోండి. ఏమీ కాదు. పూచీ నాది."

"నువ్వు చెప్తే సరే."

డిసెంబరు 3

గాలి ఆగిపోయింది. మంచు. తొమ్మిదైనా ఎదురింటి గేటు కనపడదు. నిన్నా ఇవాళా టైము పెట్టలేదు. మంచులో గీత వంకర్లు పోతోంది, నాకు నమ్మకం లేదు. గ్రూపులో గొడవ — కాలవకి నీళ్ళు వదిలేస్తున్నారంట, మీ ముహూర్తం కోసం కూర్చుంటే దాళ్వా పోద్ది మేడమ్.

వాళ్ళ తప్పేముంది. ఆగమన్నది నేనే కదా.

డిసెంబరు 4

ఇవాళా పెట్టలేదు. పదిహేడు మెసేజీలు.

డిసెంబరు 5

నరసాపురం ఆసుపత్రి వరండా. ఇవాళే రాస్తాను. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

ఏడింటికి గీత 640 మీటర్ల దగ్గర ఉంది. కదలకుండా, తిన్నగా. బయట మంచుంది. మిషను 640 అంటోంది. ఎనిమిదిన్నర అని పెట్టేశాను. మూడు రోజుల మెసేజీలకి విసుగొచ్చి కూడా పెట్టాను, అదీ నిజమే.

ఎనిమిదిన్నరకి అందరూ ఒక్కసారే అంటించారు. ఇది నా బుర్రకి తట్టలేదు. ఇదివరకు తలొకప్పుడు అంటించేవాళ్ళు. ఇవాళ నా టైము కోసం ఆగినవాళ్ళంతా, ఊరి చుట్టూ, ఒకే నిమిషంలో. నేను డాబా మీద ఉన్నా. వెనక చేలో రాంబాబు గారు వాచీ చూసుకుని, నా వైపు చెయ్యెత్తి, అప్పుడు అంటించారు. నేనూ చెయ్యెత్తాను.

పొగ లేవలేదు. కొబ్బరిచెట్ల నడుం దాకా వచ్చి ఆగి, అడ్డంగా పరుచుకుంది. పైన మట్టలు శుభ్రంగా ఎండలో మెరుస్తున్నాయి. కింద ఊరు లేదు. లాప్‌టాప్ చూశా — 640. చెట్లు చూశా. మళ్ళీ లాప్‌టాప్ చూశా. అలా చూస్తూ నిలబడ్డాను, సిగ్గులేనిదాన్ని. కింద దగ్గు వినపడ్డాక గాని మెట్లు దిగలేదు.

అరుగు మీదే ఉన్నారు. లేసు ఒళ్ళో ఉంది. మందు పీల్చే పంపు లోపల, బీరువాలో. పెదాలు నీలం. మాట రావట్లేదు, గుండెల మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నారు. పంపు తెచ్చి నోట్లో పెట్టా, పీల్చలేకపోయారు. 108కి చేశా. వచ్చింది గాని కాలవ గట్టు మీద ఆగిపోయింది, ఒక పక్క చేపల చెరువు, దారి కనపడదు. డ్రైవరు ఫోనులో — "హారను కొడతానండి, ఆ చప్పుడుకి తీసుకురండి." రాంబాబు గారు పరిగెత్తుకొచ్చారు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని ఆవిణ్ణి భుజాన వేసుకుని గట్టు దాకా మోసుకెళ్ళారు. వెనక నేను, ఆయన చెప్పుల చప్పుడు పట్టుకుని.

డిసెంబరు 6

ఐసీయూ. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు. నాకు చెప్తున్నాడు, ఆవిడ కూతుర్ననుకుని.

డిసెంబరు 7

సత్యవతి గారి మరిది వచ్చారు. నరసాపురంలోనే ఇల్లు. వెనక చేను ఆయనదే. రాంబాబు గారు కౌలుకి చేసేది ఆయన భూమే.

మంచం పక్కన నిలబడి, "ఏంటి వదినా ఇది? పొగ చూసే మిషను నెత్తిమీద పెట్టుకుని కూడానా?" నా వైపు చూస్తూనే అన్నారు.

ఆవిడ మాస్కు పక్కకి జరిపారు. "రాంబాబు... టైము కాకుండానే అంటించాడు."

ఆయన నా వైపు తిరిగారు. "అంతేనా అమ్మా?"

నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉన్నాను. ఔననలేదు. కాదనలేదు. నర్సు వచ్చి ఇద్దర్నీ బయటికి పంపేసింది. వరండాలో ఆయన ఫోను తీసి ఎవరితోనో మొదలుపెట్టారు — "ఊరంతా ఆగితే ఆ వెధవకి తొందరేంటంట..."

కాదనలేదు నేను.

డిసెంబరు 8

తప్పు దొరికింది. మిషనుది కాదు. నాది.

లైడార్‌కి కింది రెండు వందల మీటర్లు కనపడవు. లేజరు పోయే గొట్టం వేరు, చూసే గొట్టం వేరు. రెంటి దారీ కలిసేది పైన. ఇది మొదటి రోజు పాఠం, కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెప్తాను. జంగారెడ్డిగూడెం మెట్టలో దానితో ఇబ్బంది లేదు. ఎర్రనేల, ఎండ తగిలితే గబుక్కున వేడెక్కుతుంది, ఎనిమిదికల్లా పొర ఆ రెండొందలూ దాటేస్తుంది. అందుకని ప్రోగ్రాములో రాసిపెట్టా — రెండొందల పైన మాత్రమే వెతుకు. ఆ ఫైలే ఇక్కడికి తెచ్చి పెట్టా. ఒక్క అంకె మార్చలేదు.

ఇక్కడ నేలంతా తడి, చేల పక్కన చేపల చెరువులు. పొద్దుటి ఎండంతా ఆ తడి ఆర్చడానికే సరిపోతుంది. గాలి ఆగిన రోజున పొర పది దాటేదాకా చెట్లంత ఎత్తులోనే పడుంటుంది. మిషను అక్కడ చూడలేదు, చూడమని నేను చెప్పలేదు. పైన వెతికింది. నిన్నటి పొర తాలూకు దుమ్ము 640 దగ్గర మిగిలుంటే దానికి గీత గీసింది. నిన్నటి గాలిని చూసి ఇవాళ అగ్గిపెట్టించాను. ముందు రోజుల్లో పొగ పోయింది గాలి వీచబట్టి.

పుట్టింది జంగారెడ్డిగూడెంలో. మెట్టదాన్ని. నీళ్ళున్న నేల ఎలా నిద్రలేస్తుందో ఈ ఊళ్ళో ఏ ముసలాయన్నడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు, వాళ్ళకి చెప్పడానికి వచ్చాను కదా.

డిసెంబరు 9

సార్ ఫోను. మొత్తం చెప్పా.

"ఫైలు మార్చి రీప్రాసెస్ చెయ్. వెర్షన్ టూ అని పెట్టేద్దాం. గ్రూపులో ఏమీ రాయకు. జనవరిలో రివ్యూ ఉంది."

"మనిషి పోయేది సార్."

"పోలేదు కదమ్మా. అసలు టైములు పెట్టమని నీకెవరు చెప్పారు?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశా, ఎక్కువసేపు నిలవలేదు.

డిసెంబరు 11

గ్రూపు నిండా తిట్లు. "ఒక్కడి తొందరకి ముసలావిడ ప్రాణం మీదికొచ్చింది." "మాటంటే మాటే ఉండాలి." అంతా రాంబాబు గారికే. పొగ అందరి చేలదీ, ఇంటి వెనక చేను మాత్రం ఆయనది.

మధ్యాహ్నం ఆయన ఒక్కటే రాశారు. "నేను ఎనిమిదిన్నరకే అంటించానండి. మేడమ్ గారు చూశారు."

దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. నా కోసం చూస్తున్నారు. చదివినట్టు నీలం గీతలు ఆయనకి కనపడే ఉంటాయి.

డిసెంబరు 12

టైపు చేశా. చెరిపేశా.

డిసెంబరు 13

దాళ్వాకి చేను లేదని రాంబాబు గారికి చెప్పేశారట ఆసామి, సత్యవతి గారి మరిది. పాలకేంద్రం దగ్గర విన్నాను. నోటిమాట కౌలు, కాగితం లేదు, ఎవరినీ అడగడానికి లేదు. కాలవకి నీళ్ళొచ్చేశాయి. రాంబాబు గారు ఎప్పుడో ఆకుమడి పోసేసి ఉన్నారు, బోదె కాలవ పక్కన. నారు పచ్చగా వేలెత్తు లేచింది. ఊడ్చడానికి చేను లేకపోతే ఆ ఆకు గొడ్లకి కోసెయ్యడమే.

కుళాయి దగ్గర ఆయన భార్య ఎదురుపడ్డారు. బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయారు.

డిసెంబరు 14

అద్దం తుడిచా. కాకి రాలేదు. ఫైలులో అంకె మార్చా, కింద కనపడని భాగం నల్లగా కొట్టేశా. ఇప్పుడు పొద్దున్న పది దాకా స్క్రీను మీద గీతే రాదు. "తెలియదు" అని చూపిస్తుంది. మొదటి రోజే ఇలా చూపించి ఉంటే రాంబాబు గారికి తెలియదనే చెప్పేదాన్ని. ఆయన సరేనండి అని దిగిపోయేవారు.

డిసెంబరు 15

నాలుగుసార్లు టైపు చేశా. ఉద్యోగం పోతుందని కాదు, పోతే పోనీ. ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదవుతోంది. ఛీ.

డిసెంబరు 17

సత్యవతి గారు ఇంటికొచ్చారు. గుమ్మం నుంచి మంచం దాకా రెండుసార్లు ఆగారు. జావ కాచి ఇచ్చా. గ్లాసు కింద పెట్టాక చెప్పేశా. ఫైలు, మెట్ట, రెండొందల మీటర్లు, అంతా. ఎంత అర్థమైందో తెలీదు. చివర్న, "రాంబాబు గారు టైముకే అంటించారండి. నేను చూశాను" అన్నా.

"నాకు తెలుసు."

గ్లాసు తీసుకుని లేవబోయినదాన్ని కూర్చుండిపోయా.

"అరుగు మీద కూర్చునే ముందు గోడ గడియారం చూసే కదమ్మా కూర్చున్నాను. ఎనిమిదిన్నర దాటింది. అప్పుడే వాసనొచ్చింది."

"మరి మీ మరిదిగారితో అలా ఎందుకన్నారు?"

"వాడి నోరు నీకు తెలీదు. ఆడపిల్లని కూడా చూడడు. నా నెత్తిమీద మిషను పెట్టించింది నేనే కదా, నిన్ను వీధిలోకి లాగుతాడని భయమేసింది. రాంబాబు మగాడు, నాలుగు తిట్లు తిని ఊరుకుంటాడనుకున్నాను. చేను తీసేస్తాడని అనుకోలేదే."

నా కోసం ఆడిన అబద్ధం. నేను పక్కనే నిలబడి సీసా మూత తిప్పుతుంటే. ఇద్దరం కలిసి ఆయన్ని ముంచాం, ఆవిడ మాట్లాడి, నేను మాట్లాడక.

డిసెంబరు 18

పెట్టేశా గ్రూపులో. పొద్దున్న ఏడింటికి. "ఐదో తారీకు నేను పెట్టిన టైము తప్పు. పొగ లేవదని నా లెక్కలో తెలియాల్సింది, నా పొరపాటు వల్ల తెలియలేదు. రాంబాబు గారు నేను చెప్పిన టైముకే అంటించారు. నేను కళ్ళారా చూశాను. ఇంత ఆలస్యంగా చెప్తున్నందుకు సిగ్గుపడుతున్నాను."

మూడు బొటనవేళ్ళు. ఒక దండం. తర్వాత ఒకాయన — "మీరు మంచోరు మేడమ్. ఆయన తప్పు మీ మీద వేసుకోకండి. మిషను అబద్ధం చెప్పదు."

డిసెంబరు 19

ఆసామికి ఫోను చేశా. ఓపిగ్గానే విన్నారు.

"చూడమ్మా, చదువుకున్నదానివి, జాలిగుండె. వాడి పెళ్ళాం వచ్చి ఏడ్చుంటది."

"ఎవరూ రాలేదండి. తప్పు నాది."

"మా వదిన చావుబతుకుల్లో ఉండి చెప్పిన మాట అది. ఆవిడ అబద్ధం ఎందుకాడుద్ది? ఆవిడొచ్చి కాదంటే అప్పుడు చూద్దాం. లేదంటే ఇరవై అయిదో తారీకున వేరే అతన్ని దింపుతున్నా చేలోకి."

నిజం చెప్పాను, ఎవరికీ అక్కర్లేదు. అబద్ధానికి ఆక్సిజన్ మాస్కుంది మరి.

డిసెంబరు 20

రాంబాబు గారు గట్టు మీద కనపడ్డారు. సైకిలు ఆపారు. మాటమాటకీ ఎప్పటిలాగే 'అండీ'.

"మీరు రాసింది చదివానండి."

"క్షమించండి" అన్నా.

"ఆ రోజు మీరు కూడా చెయ్యెత్తారు కదండీ. ఇంటికెళ్ళి మా ఆవిడకి అదే చెప్పానండి. మేడమ్ చూశారు, మేడమ్ చెప్తారులే అని. పదకొండు రోజులు రోజూ అదే చెప్పానండి."

"నా మీద కోపం ఉందాండి?"

"ఉందండి" అన్నారు.

సైకిలెక్కి వెళ్ళిపోయారు. తిట్టుంటే బాగుండేది. ఇంటికొచ్చి ఏడ్చా, చాలాసేపు, మిషను పక్కన కూర్చుని. దాని ఫాను చప్పుడులో కిందికి వినపడదు.

డిసెంబరు 21

సత్యవతి గారిని అడిగా. ఆసామి అన్నది ఉన్నదున్నట్టు చెప్పి, మీరొక్కమాట చెప్పాలండి అన్నా.

లేసు అల్లుతున్నారు, మంచం మీద, ట్యూబులైటు కింద. చెయ్యి ఆగింది.

"ఆసుపత్రి మంచం మీద అబద్ధమాడిందని చెప్పుకోవాలా నా గురించి? ముప్ఫై ఏళ్ళుగా నా మాట మీద ఎంతమంది ఆడవాళ్ళకి దారం ఇప్పించానో తెలుసా నీకు? సత్యవతమ్మ చెప్పిందంటే లేసు ఏజెంటు ఇంకో మాట అడగడు. ఈ ఇల్లు కూడా మా మరిది సంతకం పెట్టకపోతే నాది కాదు. అంతా తెలిసే అడుగుతున్నావా?"

తెలీదు నాకు. ఇల్లు సంగతి తెలీదు. తెలిసినా అడిగేదాన్నేమో. ఔనన్నట్టు తల ఊపాను.

"పైకి పోమ్మా" అన్నారు.

డిసెంబరు 22

ఆవిడ భోజనానికి కేక వెయ్యలేదు. అన్నం మాత్రం మెట్ల మీద మూతపెట్టి ఉంది. ఆకుమడి ఇంకా కొయ్యలేదు, డాబా మీంచి కనపడుతోంది.

డిసెంబరు 23

నరసాపురం. ఆటోలో కూర్చుని రాస్తున్నా, ఆవిడ రిపోర్టుల కవరు మీద. తర్వాత ఇందులో ఎక్కించాలి.

చెకప్‌కి బయల్దేరాం. ఆసుపత్రి మలుపు దగ్గర ఆవిడ డ్రైవరుతో, "ముందు మా మరిదిగారింటికి పోనియ్యి బాబూ" అన్నారు. నేను దిగబోతే, "నువ్వు కూర్చో." పంపు చేతిలో పట్టుకుని మెట్లెక్కారు. మెట్టుకోసారి ఆగి. తలుపు మూశారు.

10.10 — లోపల మాటలు వినపడట్లేదు.

10.30 — డ్రైవరు, "లేటవుద్దాండి?" ఏమో అన్నా. ఏం చెప్తున్నారో నాకు తెలీదు. వైద్యానికి డబ్బు అడగడానికి వెళ్ళారేమో. నా గురించి చెప్పడానికేమో. ఇంటి కాగితాల కోసమేమో.

10.40 — ఆయన గొంతు ఒకసారి పెద్దగా లేచింది. మళ్ళీ లేదు.

10.50 — వచ్చారు. వెనక ఎవరూ గుమ్మం దాకా రాలేదు. ఆటో ఎక్కడానికి చెయ్యి ఇచ్చా, పట్టుకున్నారు, కూర్చోగానే వదిలేశారు. "ఆసుపత్రికి" అన్నారు. పంపు రెండుసార్లు పీల్చారు.

రెండు వీధులు దాటాక, "గడియారం చూసి కూర్చున్నానని చెప్పాను. రాంబాబు సంగతి రేపు చెప్తాడంట."

ఇంకాసేపయ్యాక, రోడ్డు వైపే చూస్తూ — "వాళ్ళ కోడలు కాఫీ తెచ్చింది నాకు. మా మరిది వెనక్కి తీసుకుపొమ్మన్నాడు."